మిలిటరీ బేసుల్లో రిపేర్, కట్టడం పనులు: మన వరంగల్ వైపు చిన్న కాంట్రాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఉంటా, బిల్డింగ్ పనులు చేయిస్తా, కొన్నేళ్లుగా సికింద్రాబాద్ వైపు మిలిటరీ పనులు కూడా పట్టుకుంటున్నా. కాజీపేట నుంచి, జమ్మికుంట నుంచి, భూపాలపల్లి నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి, అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. మన దగ్గర చేయి తిరిగిన సుతారులు (తాపీ మేస్త్రీలు), పెయింటర్లు, ప్లంబర్లు ఉన్నారు. పదిహేనేళ్లు పేటీ కాంట్రాక్టులోనే, అంటే వేరే కాంట్రాక్టర్ కింద గుత్తకు పనిచేసి, పని తమదైనా సర్టిఫికెట్ వేరేవాళ్ల పేరు మీద పోయి, చేతిలో ఒక్క కాగితం లేకుండా మిగిలిపోయినవాళ్లు నాకు బాగా తెలుసు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

మిలిటరీ పని ఎవరిస్తారన్నా? ఆర్మీ ఆఫీసర్లను కలవాలా?

ఎవరినీ కలవనక్కర్లేదు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ బిల్డింగులు, రోడ్లు, నీళ్లు, కరెంటు చూసేది మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, అందరూ ఎంఈఎస్ అంటారు. 1923లో మొదలైన సంస్థ. కింద నుంచి చూస్తే జూనియర్ ఇంజనీర్ అంటే జేఈ, ఆయన మీద అసిస్టెంట్ గ్యారిసన్ ఇంజనీర్ అంటే ఏజీఈ, ఆ పైన గ్యారిసన్ ఇంజనీర్ అంటే జీఈ, ఆయన మీద కమాండర్ వర్క్స్ ఇంజనీర్ అంటే సీడబ్ల్యూఈ, ఇంకా పైన చీఫ్ ఇంజనీర్. చిన్న కాంట్రాక్టరుకు రోజూ పని పడేది జేఈతో, బిల్లు దాకా వచ్చేది జీఈ ఆఫీసుతో. పనులన్నీ ఆన్‌లైన్ టెండర్ మీదే వస్తాయి. ఎవరైనా "నాకు కల్నల్ తెలుసు, పని ఇప్పిస్తా" అంటే అక్కడికక్కడే లేచి రండి.

మన వరంగల్‌లో మిలిటరీ బేసు లేదు కదా, మరి పని ఎక్కడ దొరుకుతుంది?

ఉత్తర తెలంగాణలో పెద్ద కంటోన్మెంట్ లేదు, అది నిజమే. పని ఉండేది సికింద్రాబాద్ చుట్టూ. తిరుమలగిరి, గోల్కొండ, మెహిదీపట్నం వైపు ఆర్మీ సెంటర్లు, హకీంపేట, బేగంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లు, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. వికారాబాద్ దగ్గర దామగుండంలో నేవీ రేడియో కమ్యూనికేషన్ స్టేషన్‌కు 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే ఆఫీసు తెరిచే టైమ్‌కు అక్కడుంటాం. కానీ మనుషులను రోజూ తిప్పలేం, అక్కడ గది తీసుకుని ఉంచాల్సిందే, ఆ ఖర్చు రేటులోనే రావాలి.

మామునూరు ఎయిర్‌పోర్టు పనులు కూడా ఇందులోకి వస్తాయా?

రావు. మామునూరు నిజాం కాలం నాటి విమానాశ్రయం, ఇప్పుడు దాన్ని తిరిగి తెరిచే పని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, అంటే సివిల్. అక్కడే ఉన్న స్పెషల్ పోలీస్ బెటాలియన్, పోలీస్ ట్రైనింగ్ కాలేజీ రాష్ట్ర ప్రభుత్వానివి. వాటి టెండర్లు రాష్ట్రం ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో చూడాలి. యూనిఫాం కనపడితే అంతా మిలిటరీ పనే అనుకుని వేరే పోర్టల్‌లో నెలల తరబడి వెతికినవాళ్లున్నారు.

కంటోన్మెంట్ బోర్డు పని, ఎంఈఎస్ పని ఒకటేనా?

కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు ఒక రకంగా మున్సిపాలిటీ లాంటిది, అక్కడ ఉండే జనానికి రోడ్లు, డ్రైనేజీ, లైట్లు చూస్తుంది, దానికి టెండర్లు వేరు, రూల్స్ వేరు. సైనికులు ఉండే క్వార్టర్లు, బ్యారక్‌లు, ఆఫీసులు, మెస్‌లు ఎంఈఎస్ చేతిలో ఉంటాయి. నోటీసు మీద ఎవరి పేరుందో మొదట అది చదవండి.

చిన్నవాళ్లకు ఎలాంటి పనులు వస్తాయి? అన్నీ కోట్లలోనే ఉంటాయా?

కోట్లవి ఉంటాయి, లక్షల్లోవి కూడా చాలానే ఉంటాయి. క్వార్టర్లకు సున్నం, డిస్టెంపర్, పెయింటింగ్ ఇన్నేళ్లకోసారి అని లెక్క ప్రకారం వేయిస్తూనే ఉంటారు. స్లాబు కురిస్తే వాటర్‌ప్రూఫింగ్, తలుపులు కిటికీలు మార్చడం, బాత్రూం టైల్స్, ఊడిన గిలాబు (ప్లాస్టరింగ్) కొట్టేసి మళ్లీ చేయడం, మురుగు లైను మార్చడం, లోపలి రోడ్లకు ప్యాచ్‌వర్క్, కాంపౌండ్ గోడ. వీటితోపాటు టర్మ్ కాంట్రాక్ట్ అని ఉంటుంది, ఒక నిర్ణీత కాలం పాటు చిన్న చిన్న రిపేర్లు ఏవి పడితే అవి ఆర్డర్ ఇచ్చినప్పుడల్లా చేయాలి. మొదటిసారి వచ్చేవాళ్లకు నేను పెయింటింగో, గిలాబు రిపేరో చెబుతా. వాటర్‌ప్రూఫింగ్ జోలికి అనుభవం లేకుండా పోవద్దు, ఒక వానకు ఏడాది లాభం పోతుంది.

## పేరు నమోదు, కాగితాలు

ఎంఈఎస్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా టెండర్ వేయొచ్చా?

చిన్న టెండర్లు చాలావాటిలో వేయొచ్చు. ఎంఈఎస్ కాంట్రాక్టర్లకు తరగతులున్నాయి, ఇ అన్నిటికన్నా చిన్నది, తర్వాత డి, సి, బి, ఎ, ఎస్, అన్నిటికన్నా పైన ఎస్‌ఎస్. ఒక్కో తరగతికి ఇంత విలువ వరకే అని హద్దు. దానికి తోడు పని రకాన్ని బట్టి కేటగిరీలు, బిల్డింగులు రోడ్లు అయితే ఎ(ఐ) అని నోటీసులో రాస్తారు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ తరగతికి కావలసిన అర్హతలన్నీ ఉన్నట్టు టెండర్‌తో పాటే రుజువులు పెట్టాలి, ఈఎండీ అంటే టెండర్‌తో పాటు ఇచ్చే డిపాజిట్ కట్టాలి. రిజిస్టర్ అయి స్టాండింగ్ సెక్యూరిటీ, అంటే ఒకసారి కట్టి ఉంచే డిపాజిట్, కట్టినవాళ్లకు టెండర్ టెండర్‌కూ ఈఎండీ కట్టే బాధ ఉండదు. రెండు మూడు పనులు చేసి, ఈ లైన్‌లో ఉంటాననుకుంటే రిజిస్టర్ చేయించుకోవడమే మేలు.

ఏమేం కాగితాలు రెడీగా పెట్టుకోవాలి?

పాన్, జీఎస్టీ, మీకు ఇంత ఆర్థిక స్తోమత ఉందని బ్యాంకు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్, వర్కింగ్ క్యాపిటల్ సర్టిఫికెట్, సీఏ సంతకంతో టర్నోవర్ లెక్కలు, చేసిన పనుల కంప్లీషన్ సర్టిఫికెట్లు, స్థిరాస్తి వివరాల అఫిడవిట్, యజమానికి పోలీస్ వెరిఫికేషన్. అందరూ చివరి రోజున పరుగెత్తేది సాల్వెన్సీ కోసమే, మన బ్యాంకుల్లో దానికి వాల్యుయేషన్, లీగల్ ఒపీనియన్ అంటూ రోజులు తిప్పుతారు. టెండర్ కనపడ్డాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టండి. ఇంకొకటి, అన్ని కాగితాల్లో మీ పేరు, ఫర్మ్ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉన్నందుకు పక్కన పెట్టిన ఫైల్ నేను కళ్లారా చూశా.

నేను పన్నెండేళ్లుగా పేటీ కాంట్రాక్ట్ చేస్తున్నా, ఆ అనుభవం లెక్కకు వస్తదా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే జవాబు చాలావరకు రాదు అనే. రాతపూర్వక అనుమతి లేకుండా పనిని ఇంకొకరికి గుత్తకు ఇవ్వకూడదని ఎంఈఎస్ కాంట్రాక్ట్ షరతుల్లోనే ఉంది, కాబట్టి మీరు లోపల పని చేసినా కాగితం మీద మీరు లేరు. బయట పడే దారి మాత్రం ఉంది. గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్, నిట్, కాకతీయ యూనివర్సిటీ, కాజీపేట రైల్వే, సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ, ఎక్కడ అర్హత కుదిరితే అక్కడ, ఎంత చిన్నదైనా సరే మీ సొంత పేరు మీద ఒక పని చేసి కంప్లీషన్ సర్టిఫికెట్ తీసుకోండి. ప్రైవేటు పని చూపించాలంటే సాధారణంగా టీడీఎస్ కట్ అయిన రుజువు అడుగుతారు, అందుకని ప్రైవేటు ఓనర్ దగ్గర కూడా చేతికి నగదు కాకుండా బ్యాంకు ద్వారా, బిల్లు రాసి తీసుకోవడం అలవాటు చేసుకోండి. రెండేళ్లు ఓపిక పడితే మీ పేరుకు ఒక ఫైల్ తయారవుతుంది. ఈ రోజు మొదలుపెట్టకపోతే పదిహేనో ఏట కూడా ఇదే ప్రశ్న అడుగుతారు.

చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే ఈఎండీ మాఫీ అంట కదా?

సగం నిజం. ఈ మాఫీ ఇచ్చే, చిన్న పరిశ్రమల నుంచి 25 శాతం కొనాలన్న 2012 నాటి కేంద్ర విధానం వస్తువులకు, సేవలకు వర్తిస్తుంది, వర్క్స్ కాంట్రాక్టులకు కాదు. కట్టడం, రిపేర్ టెండర్లలో ఉద్యమ్ పెట్టి ఈఎండీ కట్టకుండా వేస్తే టెక్నికల్ దశలోనే బిడ్ పోయే ప్రమాదం ఉంది. టెండర్‌లో మినహాయింపు ఉందని స్పష్టంగా రాసి ఉంటేనే వాడుకోండి. అయినా ఉద్యమ్ తీసుకోవడం మానొద్దు, ఫీజు లేదు, బ్యాంకు లోన్లకు పనికొస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి హద్దులు కూడా పెరిగాయి, పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటనంతవరకు మైక్రోనే, అంటే మనలో దాదాపు అందరూ.

## టెండర్ వెతకడం, వేయడం

టెండర్లు ఏ సైట్‌లో చూడాలి?

రక్షణ శాఖకు వేరే పోర్టల్ ఉంది, డెఫ్‌ప్రోక్ డాట్ గవ్ డాట్ ఇన్. చూడటానికి లాగిన్ అక్కర్లేదు, వేయడానికి కావాలి. ఆర్గనైజేషన్ల జాబితాలో ఎంఈఎస్ పట్టుకుని, అందులో సికింద్రాబాద్ ఆఫీసులు చూసుకోండి. వారానికి రెండుసార్లు చూస్తే చాలు. టెండర్ దించుకున్నాక వదిలేయొద్దు, కొరిజెండం అని మధ్యలో సవరణలు పెడుతుంటారు, చివరి తేదీ, పని పరిమాణం, షరతులు అందులో మారిపోతాయి.

డిజిటల్ సిగ్నేచర్ ఏది కావాలి? నెట్ సెంటర్‌వాళ్లకు ఇచ్చేస్తే వాళ్లే వేస్తారు కదా?

క్లాస్ 3 కావాలి, సంతకానికి ఒకటి, ఎన్‌క్రిప్షన్‌కు ఒకటి, రెండూ అదే టోకెన్‌లో ఉండాలి. నెట్ సెంటర్ సహాయం తీసుకోండి, తప్పు లేదు, కానీ టోకెన్, పిన్ వాళ్ల దగ్గర వదిలేసి రావద్దు. అది మీ సంతకం. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఎవరి చేతిలోనైనా పెట్టి వస్తారా?

అన్నీ అప్‌లోడ్ చేశా, కానీ నా బిడ్ రాలేదు అన్నారు. ఏం జరిగి ఉంటుంది?

ఎక్కువసార్లు జరిగేది ఫ్రీజ్ నొక్కకపోవడం. నాకూ మొదటి టెండర్‌లో అదే జరిగింది. ఫైళ్లన్నీ ఎక్కించి, పచ్చ గుర్తులు వచ్చాయని సంతోషపడి సిస్టం మూసేశా, చివర్లో ఫ్రీజ్ బిడ్ సబ్మిషన్ అనే బటన్ నొక్కి రసీదు తీసుకుంటేనే బిడ్ వెళ్లినట్టు అని అప్పటికి తెలియదు. రాత్రంతా కూర్చుని వేసిన లెక్క లెక్కగానే మిగిలింది. ఇంకో రెండు తప్పులు కూడా చూశా, రేట్లు నింపే బీఓక్యూ ఫైల్ పేరు మార్చేయడం, చివరి గంటలో మొదలుపెట్టడం. ఫైల్ ఏ పేరుతో దించుకున్నారో అదే పేరుతో ఎక్కించాలి. టైమ్ ఉండగా వేస్తే మళ్లీ సరిదిద్ది వేసుకోవచ్చు, కానీ విత్‌డ్రా మాత్రం నొక్కొద్దు, నొక్కితే ఆ టెండర్‌లోకి మళ్లీ రాలేరు.

షెడ్యూల్ ఎ, బి, సి, డి అని ఉన్నాయి, ఇవేంటి?

షెడ్యూల్ ఎ అంటే చేయాల్సిన పనుల జాబితా, పరిమాణాలు, రేట్లు. బి అంటే ప్రభుత్వం ఇచ్చే సామాను, చాలా టెండర్లలో అది నిల్ అనే ఉంటుంది, అంటే సిమెంటు నుంచి మేకుల దాకా మనమే తెచ్చుకోవాలి. సి అంటే వాళ్లు కిరాయికిచ్చే మిషన్లు, డి అంటే రవాణా. వీటికి తోడు రిపేర్ పనుల్లో క్రెడిట్ షెడ్యూల్ ఒకటి ఉంటుంది, దాన్ని చాలామంది చదవరు. తీసేసిన పాత తలుపులు, ఇనుము, పైపులు మనం తీసుకుపోతే వాటి విలువ మన బిల్లులోంచి తీసేస్తారు. తుక్కు కొట్టు వాడు ఇచ్చే ధర కన్నా ఆ విలువ ఎక్కువుంటే నష్టం మనదే, ముందే కనుక్కుని రేటు వేయండి.

పని రేట్లు దేన్ని బట్టి ఉంటాయి? మన పీడబ్ల్యూడీ రేట్లు పనికొస్తాయా?

ఎంఈఎస్‌కు తన సొంత రేట్ల షెడ్యూల్ ఉంది, స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్, ఎస్‌ఎస్‌ఆర్ అంటారు. మొదటి భాగంలో పని ఎలా చేయాలి, సామాను ఎలా ఉండాలి అని స్పెసిఫికేషన్లు, రెండో భాగంలో రేట్లు. అందరూ రెండో భాగం కొనుక్కుని మొదటిది వదిలేస్తారు, దెబ్బ తగిలేది అక్కడే. గిలాబు అంటే మన దృష్టిలో ఒకటే, అక్కడ సిమెంటు, ఇసుక ఏ పాళ్లలో, ఎంత మందం, పాత గోడను ఎలా గీరాలి, ఎన్నాళ్లు నీళ్లు కొట్టాలి అన్నీ రాసి ఉంటాయి. ఆ మాటలన్నిటికీ కూలీ ఉంది. రేటు వేసేటప్పుడు రాష్ట్రం రేట్లు పక్కన పెట్టి, మీ సుతారిని కూర్చోబెట్టుకుని రోజుకు ఎంత అవుతుందో అతన్నే అడగండి.

సైటు చూడకుండా రేటు వేయొచ్చా? లోపలికి రానిస్తారా?

రానిస్తారు, జీఈ ఆఫీసులో ముందే చెప్పి ఆధార్ పట్టుకుని వెళ్లాలి. చూడకుండా మాత్రం వేయొద్దు. ఒకసారి ఒక బేసులో రెండంతస్తుల క్వార్టర్లకు పెయింటింగ్ పని చూడకుండా వేశా, ఇక్కడి లెక్కతోనే. తీరా వెళ్తే అన్నీ మనుషులున్న ఇళ్లు. ఒక ఇంట్లో పిల్లలకు పరీక్షలు, ఇంకో ఇంట్లో బాలింత, ఒక్కో గదిలో సామాను జరిపి గుడ్డలు కప్పి, సాయంత్రానికి తుడిచి మళ్లీ సర్ది ఇవ్వాలి. ఖాళీ ఇంట్లో రోజుకు మూడు గదులు చేసే మనిషి అక్కడ ఒక్క గదే చేశాడు. సామాను బండి లోపలికి వచ్చే టైమ్ కూడా వాళ్లు చెప్పినప్పుడే. ఆ పనిలో నాకు మిగిలింది సర్టిఫికెట్ ఒక్కటే. సైటుకు పోయినప్పుడు నాలుగు చూడండి: ఇళ్లు ఖాళీయా కాదా, నీళ్లు ఎక్కడ, బండి ఎంతవరకు వస్తుంది, కూల్చిన చెత్త ఎక్కడ పోయాలి.

అందరూ ఎస్టిమేట్ కన్నా బాగా తక్కువకు వేస్తున్నారు, నేనూ వేయాలా?

వేయొద్దు. తక్కువకు పోయినవాడు సిమెంటులో మిగుల్చుకుంటాడు అనేది బయటి మాట, లోపల సిమెంటు బస్తాలకు లెక్క రాస్తారు, పెయింట్ డబ్బాలు ఖాళీవి కూడా లెక్కపెడతారు, కొన్న బిల్లులు అడుగుతారు. మిగుల్చుకునే చోటు ఉండదు. చివరికి కోత పడేది కూలీల మీద, ఆ పని నేను చేయను, మీరూ చేయొద్దు. పైగా రేటు మరీ తక్కువైతే అదనపు సెక్యూరిటీ అడిగే టెండర్లు ఉంటాయి. పోతే పోనీ, ఇంకో టెండర్ వస్తుంది.

## లెక్కలు, పన్నులు

పది లక్షల పని దొరికితే చేతికి ఎంత వస్తుంది?

ముందు టెండర్‌లో రేట్లు పన్నులతో కలిపా, విడిగానా చూడండి, చాలావాటిలో కలిపే ఉంటాయి. వర్క్స్ కాంట్రాక్టుకు జీఎస్టీ 18 శాతం, 2022 జులై 18కి ముందు ఇది 12 ఉండేది, ఆ పాత లెక్క ఇంకా కొందరి బుర్రల్లో ఉంది. కలిపి 10 లక్షలు అంటే పని విలువ 8,47,458 రూపాయలు మాత్రమే, మిగతా 1,52,542 జీఎస్టీ. మీరు సామాను కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ అందులో తగ్గించుకోవచ్చు, సిమెంటు మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 కాదు 18 శాతమే. కాంట్రాక్ట్ విలువ పన్ను కాకుండా రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం కోస్తారు. ఇన్‌కంటాక్స్ టీడీఎస్ సొంత పేరుతో చేస్తే ఒక శాతం, పార్టనర్‌షిప్ ఫర్మ్, కంపెనీ అయితే 2 శాతం. ఈ రెండు కోతలు పోయిన డబ్బు కాదు, మీ ఖాతాలో జమవుతాయి, రిటర్న్ వేసి వాడుకోవాలి. లేబర్ సెస్ ఒక శాతం మాత్రం తిరిగి రాదు. పైగా రిటెన్షన్ అని సెక్యూరిటీ కింద కొంత ఆపుతారు. ఇవన్నీ తీసేసి, మనుషుల గది కిరాయి, రాకపోకలు తీసేసి, అప్పుడు లాభం చూడండి.

పని మధ్యలో సిమెంటు, ఇనుము ధరలు పెరిగితే ఇస్తారా?

తక్కువ కాలపు చిన్న పనులకు సాధారణంగా ఇవ్వరు. షరతుల్లో ధరల తేడా గురించి ఏం రాశారో చూసి, లేదంటే రేటులోనే కొంచెం జాగా పెట్టుకోండి. పని దొరికిన వారంలోనే ప్రధాన సామానుకు షాపులో ధర మాట్లాడి అడ్వాన్స్ ఇవ్వడం నా పద్ధతి.

కూలీలకు అడ్డా మీది రేటు ఇస్తే సరిపోదా?

చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ పని కాబట్టి కేంద్రం ప్రకటించే కనీస వేతనం ఇవ్వాలి, అది ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది, హైదరాబాద్ ఎ ఏరియా కింద వస్తుంది. పది మంది, అంతకు మించి ఉంటే ఈఎస్‌ఐ, ఇరవై మంది, అంతకు మించి ఉంటే పీఎఫ్ చూసుకోవాలి, టెండర్ ఇంకా గట్టిగా అడిగితే దాని ప్రకారమే. జీతం బ్యాంకులో వేయండి, రేపు ఎవరైనా అడిగితే మీకు అదే సాక్ష్యం. మీ దగ్గర పనిచేసేవాళ్లను భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చేర్పించండి. మన బిల్లులో కోసే సెస్ అందుకే, అది వాళ్ల ఇంటికి చేరాలి కదా.

## గేటు లోపల

లోపలికి మనుషులను ఎలా తీసుకెళ్లాలి?

ప్రతి మనిషికీ ఆధార్, ఫోటోలు, పోలీస్ వెరిఫికేషన్, దాని మీద పాస్. ఒడిశా, బీహార్ వాళ్లుంటే వాళ్ల ఊరి పోలీస్ స్టేషన్ నుంచి రావాలి, వారాలు పట్టొచ్చు. అందుకే మొదటి పనికి వెంటనే కాగితాలు తేగలిగే మన చుట్టుపక్కల మనుషులను తీసుకెళ్లండి. పాస్ ఉన్న మనిషి రాకపోతే వాడి తమ్ముడిని పంపిస్తా అంటే కుదరదు, గేటు దగ్గరే ఆపుతారు, ఆ రోజు కూలీ మనకు బొక్క. ఇద్దరు ముగ్గురికి అదనంగా పాస్‌లు చేయించి ఉంచుకోవడం మంచిది.

పని ఫోటోలు తీసుకోవచ్చా?

అనుమతి లేకుండా ఒక్కటి కూడా వద్దు. మనం వేసిన గోడే కదా అని కుర్రాళ్లు సెల్ఫీ తీసి స్టేటస్ పెడతారు, అక్కడ అది చిన్న విషయం కాదు, అధికార రహస్యాల చట్టం వర్తించే చోటు. కొన్ని చోట్ల ఫోన్లే గేటు దగ్గర పెట్టించుకుంటారు. రికార్డు కోసం ఫోటో కావాలంటే జేఈకి చెప్పి వాళ్ల ద్వారానే తీయించాలి. పని మొదలయ్యే రోజే మీ వాళ్లందరినీ నిలబెట్టి చెప్పండి.

జేఈ పనిలో ఏం చూస్తాడు?

చూసేది చూస్తాడు, వినేది కూడా వింటాడు. బాత్రూం టైల్స్ అయ్యాక మా దగ్గరికి వచ్చిన ఒక జేఈ రూపాయి బిళ్ల తీసి ఒక్కో టైల్ నాలుగు మూలలా కొట్టాడు, ఠన్ ఠన్ అన్నవి వదిలేశాడు, డబ్ అని బోలుగా మోగిన పదకొండు టైల్స్ మీద సుద్దతో గీత గీశాడు, అన్నీ తీసి మళ్లీ వేశాం. మా సుతారికి కోపం వచ్చింది కానీ, తర్వాత నుంచి ఇంట్లో పనికైనా మూల దాకా మాల్ పెట్టకుండా టైల్ వేయడు. స్లాబు మీద నీళ్లు కట్టి ఎన్నాళ్లు నిలబెట్టాలో టెండర్‌లోనే ఉంటుంది. సామాను తెచ్చే ముందు శాంపిల్ చూపించి ఆమోదం రాతలో తీసుకోండి, సిమెంటు రిజిస్టర్‌లో రోజు రోజుకూ సంతకాలు పెట్టించండి, వారం రోజులవి ఒకేసారి రాద్దామంటే కుదరదు. మనకు హిందీ వస్తుంది కాబట్టి మాటకు ఇబ్బంది ఉండదు.

"ఇది కూడా చేసేయండి, చూసుకుందాం" అని నోటితో చెబితే చేయాలా?

మర్యాదగా రాసి ఇవ్వమని అడగండి. అదనపు పనికి డీవియేషన్ ఆర్డర్ ఉండాలి, ఐఏఎఫ్‌డబ్ల్యూ 2249 అనే సాధారణ షరతుల్లో ఏడో షరతు అదే. చెప్పిన మనిషి మంచివాడే కావచ్చు, కానీ బిల్లు టైమ్‌కు బదిలీ అయిపోతాడు, కొత్తగా వచ్చినాయన కాగితం అడుగుతాడు. అడగడానికి మొహమాటపడి నేను ఒక మెట్ల వరుస ఉత్తి పుణ్యానికి కట్టిచ్చా.

పని లేటైతే ఏం చేయాలి?

టైమ్ లెక్క మొదలయ్యేది మీరు సామాను దింపిన రోజు కాదు, వర్క్ ఆర్డర్ నంబర్ 1లో రాసిన తేదీ. ఆలస్యానికి కారణం మీరు కాకపోతే, అంటే ఇల్లు ఖాళీ చేసి ఇవ్వకపోయినా, సైటు అప్పజెప్పకపోయినా, విపరీతంగా వానలు పడ్డా, జరిగిన వెంటనే ఉత్తరం రాయండి, పదకొండో షరతు కింద గడువు పెంచమని. నెలలు గడిచాక జ్ఞాపకం మీద రాస్తే నిలబడదు.

## బిల్లు, ఆ తర్వాత

బిల్లు ఎన్నాళ్లకు వస్తుంది?

చేసిన పని కొలిచి మధ్యమధ్యలో ఇచ్చేదాన్ని ఆర్‌ఏఆర్ అంటారు, చివరిది ఫైనల్ బిల్లు. ఆర్‌ఏఆర్ ఎప్పుడొస్తుందన్నది మీరు కాగితాలు ఎంత శుభ్రంగా పెట్టారన్న దాని మీద ఉంటుంది, సిమెంటు, పెయింట్ కొన్న వోచర్లు, టెస్ట్ రిపోర్టులు, వేతనాల రికార్డు, ఒక్కటి తక్కువైనా ఫైల్ తిరిగొస్తుంది. మార్చిలో అందరూ బిల్లుల కోసం మీద పడతారు, కాబట్టి ఫిబ్రవరి లోపే కొలతలు పూర్తి చేయించుకోండి. ఏదేమైనా ఒక బిల్లు రాకపోయినా పని ఆగకుండా, కూలీలకు శనివారం డబ్బు ఆగకుండా నడిపేంత చేతిలో ఉంటేనే దిగండి. వడ్డీకి తెచ్చి చేస్తే, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ, మన లాభమంతా అందులోనే పోతుంది.

ఫైనల్ బిల్లులో తక్కువ కొలిచారు, సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

ఇంకేమీ రావాల్సింది లేదు అని అందులో ఉంటే, దాని మీద సంతకం పెట్టాక అడగడానికి దాదాపు దారి మూసుకుపోయినట్టే. మీ లెక్క వేరే అయితే సంతకానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి, ఎంత, ఏ ఐటమ్‌లో, ఎందుకు అని. తగవు తేలకపోతే డెబ్బయ్యో షరతు కింద ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి ముందు తీర్పు ఉంది, కానీ చిన్న మొత్తానికి దానికయ్యే టైమ్, ఖర్చు చూసుకోవాలి. నా అనుభవంలో కొలిచేటప్పుడు టేపు రెండో చివర పట్టుకుని మనం పక్కనే ఉంటే సగం తగవులు పుట్టవు.

ఆర్మీ ఆఫీసర్ అని ఫోన్ చేసి సిమెంటు, ఇసుక పంపమంటున్నాడు, ఐడీ కార్డు కూడా వాట్సాప్‌లో పెట్టాడు. నమ్మాలా?

నమ్మొద్దు, మోసం. "మా అకౌంట్ వెరిఫై అవ్వాలి, ముందు మీరు ఒక్క రూపాయి పంపండి" అని క్యూఆర్ కోడ్ పంపుతారు, స్కాన్ చేసి పిన్ కొడితే మీ డబ్బు పోయినట్టే. ఆర్మీ ఎవరికీ అలా ఆర్డర్లు ఇవ్వదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

పని అయిపోయింది, డబ్బు కూడా వచ్చింది, ఇంకేమైనా ఉందా?

ఉంది, కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికి తీసుకోవాలి. డబ్బు పడగానే ఊరికొచ్చేసి, రెండేళ్ల తర్వాత కొత్త టెండర్‌కు కావాల్సినప్పుడు అడుగుదామంటే ఆ ఆఫీసులో మీ పని గుర్తున్నవాళ్లు ఉండరు. అందులో పని పేరు, కాంట్రాక్ట్ నంబర్, ఒప్పుకున్న విలువ, చివరికి అయిన విలువ, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, పని ఎలా ఉందన్న మాట, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయా చూసుకోండి. డిఫెక్ట్ లయబిలిటీ కాలం, అంటే పనిలో లోపం బయటపడితే మనమే సరిచేయాల్సిన గడువు, ఎప్పటితో అయిపోతుందో క్యాలెండర్ మీద రాసుకోండి, అది దాటిన రోజే మిగిలిన సెక్యూరిటీ కోసం ఉత్తరం పెట్టండి, ఎందుకంటే మీరు అడగకపోతే దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకుని పంపరు. నా మొదటి సర్టిఫికెట్ మూడు లక్షల ఎనభై వేల పనిది. దాన్ని ల్యామినేషన్ చేయించకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టా, ఒరిజినల్ చూపించమన్నప్పుడు ముద్ర కనపడాలి కాబట్టి. మీరూ అలాగే పెట్టండి, పది జిరాక్స్‌లు తీయించి, స్కాన్ చేసి మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి.